తాడెవరు ఎత్తుకెళ్లారు?

భిలాయ్‌లో రెండు రకాల పొడి దొరుకుతుంది. ఒకటి ఫ్యాక్టరీ చిమ్నీల పుణ్యమా అని పిట్టగోడ మీదా, ఆరేసిన బట్టల మీదా, తులసికోట మీదా రోజూ ఉచితంగా రాలుతుంది. ఎర్రగా, సన్నగా ఉంటుంది. అరవై ఏళ్లుగా పీలుస్తున్నా దాని గురించి ఎవరూ గొప్పలు చెప్పుకోలేదు. రెండోది తెల్లగా, స్ట్రాబెర్రీ వాసనతో, బంగారు రంగు మూత ఉన్న డబ్బాలో వస్తుంది. రెండు వేలతో మొదలై ఎంతకైనా పలుకుతుంది. నీళ్లలో కలిపి తాగితే పట్టేసిన నరాలు వదులుతాయట, అరిగిన కీళ్లు చిగురిస్తాయట, నిన్న కుంటినవాడు రేపు కోర్టులో ఎగిరి స్మాష్ కొడతాడట. మొదటి పొడి మీద కాలుష్య నియంత్రణ మండలి కన్నేసి ఉంచుతుంది. రెండో పొడి మీద కన్నేసినవాళ్లందరూ కొనేవాళ్లే.

ఈ ఊరికి ఆటలు కొత్త కాదు. 1955 మార్చి 2న ఢిల్లీలో సోవియట్ వాళ్లతో ఉక్కు ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించారు. కొలిమి వెలిగిన ఊళ్లో కుర్రకారు ఊరికే కూర్చోదు కదా, బంతి కూడా ఎగిరింది. తొంభైల్లో మన హైదరాబాదీ వెంకటపతి రాజుతో, కుంబ్లేతో కలిసి దేశానికి స్పిన్ వేసిన రాజేశ్ చౌహాన్‌ని భిలాయ్ వాళ్లం మావాడనే చెప్పుకుంటాం. కోచ్ రాజేశ్ పటేల్ చేతుల్లో తయారైన అమ్మాయిలు జాతీయ బాస్కెట్‌బాల్‌లో ఏళ్ల తరబడి ఎదుటి జట్లకు నిద్ర లేకుండా చేశారు. మోకాళ్లు, మడమలు పణంగా పెట్టి ఆడినవాళ్లు వీళ్లంతా.

రెండో రకం ఆటగాళ్లు వేరు. వీళ్లు సోమవారం నుంచి శనివారం దాకా కుర్చీలో కూర్చుని, ఆదివారం పొద్దున ఆరింటికి ఆటగాళ్లవుతారు. సెక్టారుకో డజను మంది ఉంటారు కాబట్టి, సౌలభ్యం కోసం ఒక్కడే అనుకుందాం. మా వీరుడికి యాభై దగ్గర పడుతోంది. తండ్రి అరవైల్లో శ్రీకాకుళం నుంచి రేకుపెట్టెతో వచ్చి, కోక్ ఓవెన్ల వేడిలో ముప్పయ్యేళ్లు నిలబడ్డాడు. ఆయన మడమల గురించి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కొడుకు ప్లాంటులో రైలు పట్టాల తనిఖీ అధికారి. ఆదివారం నాడు షటిల్ కోర్టులో నాలుగు గంటలు వరసగా డబుల్స్ ఆడతాడు, గెలిస్తే ఐదు. ఒక సోమవారం మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి మడమ వెనక కత్తి దిగినట్టయింది. గోడ పట్టుకుని బాత్‌రూము దాకా వెళ్లాడు. పది అడుగులు నడిచేసరికి నొప్పి సర్దుకుంది. సర్దుకుంది కాబట్టి తగ్గిందనుకున్నాడు. తగ్గిందనుకుని మళ్లీ ఆదివారం నాలుగు గంటలూ ఆడాడు.

ఆ తరవాత మొదలైంది అసలు వైద్యం.

"ఏటైంది బావా, కుంటుతున్నావు?"

"మడమ నరం పట్టేసిందిరా."

"మా తోడల్లుడికీ ఇదే. కొలాజెన్ వాడేడు. ఇరవై రోజుల్లో లేచి కూర్చున్నాడు."

కూర్చోడానికి మడమతో పనేమిటని మా వీరుడు అడగలేదు. సాయంత్రానికి మొదటి డబ్బా ఇంటికొచ్చింది. దాన్ని చూసి సుపేలా జిమ్ములో ట్రైనరు కుర్రాడు నవ్వాడు. "అంకుల్, అకేలే కొలాజెన్ సే క్యా హోగా?" అన్నాడు. దానికి తోడు ఒమేగా త్రీ ఉండాలట, అది అతని దగ్గరే ఉందట. మందుల షాపాయన తన వంతుగా గ్లూకోసమైన్ ఇచ్చాడు. అది మోకాలి కీళ్లరుగుదలకే పెద్దగా పనికిరాలేదని 2006లో అమెరికాలో 1,583 మంది మీద చేసిన పరీక్షలో తేలింది. మరి కీలు కాని చోట, మడమ వెనక, అది ఏ ఉద్యోగం చేస్తుందో ఆయనకే తెలియాలి. పార్కులో ప్రాణాయామం చేయించే పెద్దాయన మిరియాలు కలిపిన పసుపు బిళ్లలు తెచ్చాడు. పసుపు రోజూ పప్పులో పడుతూనే ఉంది కదండీ అంటే, "అది వంట పసుపు, ఇది సైన్సు పసుపు" అన్నాడు. డాలస్ నుంచి వచ్చిన మేనకోడలు మావయ్యకి ప్రేమగా ఓ పెద్ద డబ్బా తెచ్చింది. దాని మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ ఉంది. ఆ బొమ్మలోని మనిషికి మడమ నొప్పి ఉన్నట్టు ఎక్కడా కనిపించదు.

వంటింటి అలమరలో ఆవకాయ జాడీ కింది అరకి దిగింది. పై అర డబ్బాలది.

ఈ ఊరేగింపులో ఒక్క మనిషి మాత్రం ఏమీ అమ్మలేదు. ఆవిడ ఫిజియోథెరపిస్టు. మడమ వెనక, పిక్క కండని ఎముకకి కట్టే టెండాన్‌ని రెండు వేళ్లతో నొక్కి చూసి, ఒంటికాలి మీద మడమ ఎత్తమంది. మా వీరుడు ఆరుసార్లకే ఆయాసపడ్డాడు. "మెట్టు అంచున నిలబడండి. మడమ మెల్లగా కిందికి దించండి, మళ్లీ లేపండి. పొద్దున, సాయంత్రం. కొంచెం నొప్పి ఉన్నా ఫర్వాలేదు. బరువు పెంచుకుంటూ పోదాం. కనీసం మూడు నెలలు. అప్పటిదాకా ఆట తగ్గించండి, పూర్తిగా మానెయ్యక్కర్లేదు" అంది.

"మరి మందు?"

"ఇదే మందు."

ఆ రోజుతో ఆవిడ మీద ఆయనకి నమ్మకం పోయింది. మన దేశంలో సూది వెయ్యని డాక్టరు సగం డాక్టరు, చీటీ రాయని డాక్టరు పావు డాక్టరు. మెట్టెక్కి దిగమనే మనిషిని అసలు లెక్కలోకే తీసుకోం. మెట్లు ఇంట్లోనే ఉన్నాయిగా, వాటి కోసం ఆటో కట్టించుకుని ఎందుకు వెళ్లాలి?

ఇక్కడ కాస్త అణుబాంబుల గురించి మాట్లాడుకోవాలి. కంగారు పడకండి, డబ్బాల సంగతే. 1955 నుంచి 1963 దాకా అమెరికా, సోవియట్ యూనియన్ పోటీలు పడి బహిరంగ ఆకాశంలో బాంబులు పేల్చి చూసుకున్నాయి. దాంతో గాలిలో రేడియోధార్మిక కార్బన్ ఇంచుమించు రెట్టింపయింది. 1963లో ఆ పేల్చుళ్లు ఆపే ఒప్పందం కుదిరాక మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఆ కార్బన్ చెట్లలోకి, చెట్ల నుంచి పళ్లెంలోకి, పళ్లెం నుంచి ఒంట్లోకి చేరింది. ఏ కణజాలం ఏ సంవత్సరంలో తయారైందో ఆ కార్బన్ కొలిచి చెప్పొచ్చన్నమాట. డెన్మార్క్ పరిశోధకులు చనిపోయినవాళ్ల మడమ టెండాన్లు తీసి అలాగే కొలిచారు. 2013లో ఫలితం చెప్పారు. టెండాన్ నడిమి భాగం సుమారు పదిహేడేళ్ల వయసుకి తయారైపోతుంది, ఆ తరవాత దాదాపుగా మారదు. పెద్దయ్యాక కండ మారుతుంది, చర్మం మారుతుంది, ఎముక కూడా కొద్దికొద్దిగా మారుతుంది. టెండాన్ నడిమి పోగు మాత్రం అదే. ఇక్కడ కొలిమికి పునాదులు తవ్వుతున్నప్పుడు పుట్టిన పిల్లల మడమల్లో ఆ కాలపు గాలి ఇంకా ఉంది.

దీని ప్రకారం చూస్తే, డబ్బా మీద రాసినట్టు "లోపలి నుంచి పునర్నిర్మాణం" జరగాలంటే మా వీరుడు ఆ పొడిని ప్లస్ టూ చదివే రోజుల్లో తాగి ఉండాలి. అప్పట్లో ఆయన తాగింది సివిక్ సెంటర్ దగ్గర గోలీ సోడా.

ఇంకా తమాషా ఏమిటంటే, అదే డెన్మార్క్ బృందం 2018లో జబ్బుపడ్డ టెండాన్లను కూడా ఆ పద్ధతిలోనే కొలిచింది. ఆరోగ్యమైన టెండాన్ కదలక మెదలక ఉంటే, నొప్పి ఉన్న టెండాన్‌లో మాత్రం నొప్పి మొదలవడానికి ఏళ్ల ముందు నుంచే కొలాజెన్ మితిమీరి మారుతూ వచ్చింది. పాతది పోవడం, కొత్తది రావడం, ఏదీ కుదురుగా అల్లుకోకపోవడం. అంటే అక్కడ సరుకుకు కొరత లేదు. ఉన్న సరుకుతో జరిగే పనే అడ్డదిడ్డంగా ఉంది. మేస్త్రీ లేక గోడ వంకర పోతుంటే లారీ ఇటుకలు పంపిస్తానంటోంది డబ్బా.

పైగా ఆ ఇటుకలు కూడా ఇటుకలుగా చేరవు. కొలాజెన్ మింగగానే కడుపులో ఆమ్లమూ, ఎంజైములూ దాన్ని ముక్కలు ముక్కలు చేస్తాయి. కొన్ని చిన్న ముక్కలు రక్తంలో కనిపించే మాట నిజమే. కానీ వాటి చేతిలో "మడమ వెనక, ఎడమ కాలు, సెక్టార్ 6" అని చిరునామా చీటీ ఉండదు. రక్తం తక్కువగా పారే చోటు టెండాన్. అక్కడికి చేరినా, లాగుడు బలం పడితేనే ఆ కణాలు మేలుకుని పని మొదలుపెడతాయి. సోఫాలో పడుకున్న కాలికి ఎంత సరుకు పంపినా దించుకునేవాడుండడు. ఇంకో సంగతి డబ్బావాళ్లు ఎప్పుడూ చెప్పరు. కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉండదు. పోషకాహార శాస్త్రం లెక్కలో అది అసంపూర్ణమైన ప్రోటీను. ఉడకబెట్టిన కోడిగుడ్డు దానికన్నా పెద్ద చదువు చదివింది.

"మరి సైంటిఫిక్‌గా ప్రూవ్ అయిందని రాశారుగా?" అంటాడు మా వీరుడు. రాశారు. ఏం ప్రూవ్ అయిందో కూడా చూద్దాం. 2017లో గ్రెగరీ షా, కీత్ బార్ తదితరులు ఒక ప్రయోగం ప్రచురించారు. డబ్బాల ప్రపంచానికి వేదం లాంటిది అది. ఎనిమిది మంది మగవాళ్లు. ఎనిమిది వందలు కాదు, ఎనభై కాదు, ఎనిమిది. అందరూ ఆరోగ్యవంతులు, ఎవరికీ ఏ దెబ్బా లేదు. వాళ్లకి కొలాజెన్ నుంచి వచ్చే జెలటిన్ ఒకసారి 15 గ్రాములు, ఒకసారి 5 గ్రాములు, ఇంకోసారి జెలటిన్ లేని ఉత్తుత్తి పొడి ఇచ్చారు. తోడుగా 48 మిల్లీగ్రాముల విటమిన్ సి. తాగిన గంటకి ఆరు నిమిషాల పాటు తాడాట ఆడించారు. రోజుకు మూడుసార్లు, మూడు రోజులు. 15 గ్రాములు తాగినప్పుడు కొలాజెన్ తయారీని సూచించే ఒక గుర్తు రక్తంలో రెట్టింపయింది. ఆ గుర్తు ఎక్కువగా వచ్చేది ఎముక నుంచి. టెండాన్ బాగుపడిందా అని ఎవరూ చూడలేదు, ఎందుకంటే చెడిన టెండాన్ అక్కడ ఎవరికీ లేదు.

నిజాయితీగా చేసిన చిన్న పని అది. ప్రశ్న బాగుంది, జవాబు ఆశ కలిగించేలా ఉంది, ఇంకా చూడాలి అన్నారు. ఆ తరవాత ఆ కాగితం అమ్మకాల విభాగం చేతిలో పడింది. జెలటిన్ ఉంచారు. విటమిన్ సి ఉంచారు. "రెట్టింపు" అన్న మాటకి బంగారు రంగు వేశారు. ఆరు నిమిషాల తాడు మాత్రం మాయమైంది. వంద రూపాయల తాడు. డబ్బాలో పట్టదనుకున్నారో, తాడులో లాభం లేదనుకున్నారో! గంట ముందు తాగాలి, తరవాత గెంతాలి అని రాసి ఉంటే సగం మంది కొనేవాళ్లు కారు. చెమట పట్టకుండా నయమవ్వాలనే కదా డబ్బా కొనేది.

రోగుల మీద కూడా ఒక ప్రయోగం ఉంది, అన్యాయంగా మాట్లాడకూడదు. 2019లో మడమ టెండాన్ నొప్పి ఉన్న 20 మందికి కొలాజెన్ పొడి ఇచ్చి చూశారు. కొంత మేలు కనిపించింది. అయితే ఆ ఇరవై మందీ పొడితో పాటు పిక్కల వ్యాయామం చేశారు, నెలల తరబడి చేశారు. ఇరవై మందితో చేసిన తొలి పరీక్ష ఏదీ చివరి మాట కాదు. వ్యాయామం చేస్తూ, పైన ఓ చెంచా పొడి కూడా వేసుకుంటానంటే ఎవరికీ అభ్యంతరం లేదు. నా గొడవల్లా వ్యాయామం మానేసి చెంచా పట్టుకున్నవాళ్లతోనే.

ఇప్పుడు స్వీడన్ వెళదాం. హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఆర్థోపెడిక్ సర్జన్‌కి పరుగు పిచ్చి. మడమ టెండాన్ నొప్పి పట్టుకుని వదల్లేదు. ఆపరేషన్ చెయ్యమని తన పై డాక్టరుని అడిగాడు. ఈ మాత్రానికి ఆపరేషనేమిటి, టెండాన్ తెగలేదుగా అన్నాడాయన. ఆల్ఫ్రెడ్‌సన్‌కి ఒళ్లు మండింది. అయితే తెంపుకునే వస్తానని మెట్టు మీద నిలబడి, నొప్పి లెక్కచెయ్యకుండా మడమ దించుతూ బరువు మీద బరువు పెంచాడు. టెండాన్ తెగాల్సింది పోయి బాగుపడి కూర్చుంది. వైద్య చరిత్రలో మొండితనానికి దక్కిన ఇంత మంచి ప్రతిఫలం మరొకటి ఉందో లేదో! అదే పద్ధతిని 15 మంది మీద పెట్టి చూసి 1998లో ప్రచురించాడు. మోకాలు చాచి మూడు వరసల పదిహేను, మోకాలు వంచి మూడు వరసల పదిహేను, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కలిపితే రోజుకి 180. వారానికి ఏడు రోజులూ, పన్నెండు వారాలు. పదిహేను మందీ పాత స్థాయిలో పరుగుకి తిరిగొచ్చారు. ఆ పద్ధతి మీద తరవాత చాలా చర్చ జరిగింది. 180 అక్కర్లేదు, మెల్లగా ఎక్కువ బరువు ఎత్తినా అంతే ఫలితం ఉంటుందని వేరేవాళ్లు చూపించారు. కానీ ఇరవై అయిదేళ్ల చర్చలో ఒక్కరూ మెట్టు తీసెయ్యమనలేదు. ఆల్ఫ్రెడ్‌సన్ దురదృష్టమల్లా మెట్టుకి పేటెంటు దొరక్కపోవడమే. దొరికితే ఈపాటికి మన సివిక్ సెంటర్లో "ప్రీమియం స్వీడిష్ మెట్టు, వెనీలా" అమ్ముతూ ఉండేవాళ్లు.

"ముప్పై రోజుల్లో మార్పు గమనించండి" అంటుంది డబ్బా. మహమ్మద్ షమీ సంగతి గుర్తుందా? 2023 ప్రపంచకప్‌లో ఏడు మ్యాచుల్లో 24 వికెట్లు తీసిన మనిషి. 2024 ఫిబ్రవరిలో లండన్‌లో మడమ టెండాన్‌కి ఆపరేషన్ జరిగింది. తిరిగి మ్యాచ్ ఆడింది నవంబరులో, ఇండోర్‌లో రంజీ ఆట. మధ్యలో మోకాలు కూడా వాచింది. ప్రపంచంలోకెల్లా ధనిక క్రికెట్ బోర్డు వెనకుండి, జాతీయ అకాడమీ ఫిజియోలు పక్కనుండి, తొమ్మిది నెలలు. ముప్పై రోజుల పొడి ఉందని పాపం ఆ బోర్డుకి ఎవరూ చెప్పినట్టు లేరు.

ఇంతకీ ఆ డబ్బా మీద ఏం రాసి ఉందో మా వీరుడు ఎప్పుడైనా చదివాడా? ముందువైపు అక్షరాలు వేలెడంత. "ప్రొ", "అల్ట్రా", "అడ్వాన్స్‌డ్". వెనకవైపు తిప్పితే చలివేంద్రం దగ్గర చీమల బారు. అందులో ఒక చీమ పేరు "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్". వైద్యం కోసం వాడేది కాదు. ఆరోగ్య సప్లిమెంట్ల మీద ఈ ముక్క ఉండి తీరాలన్నది మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ పెట్టిన నిబంధన. అంటే తయారు చేసినవాడే ఇది మందు కాదు మొర్రో అని సంతకం పెట్టి మరీ ఇస్తున్నాడు. మనమే వినడం లేదు.

డబ్బా మీదే ఇంకో చిన్న గుర్తు కూడా ఉంటుంది, మాంసాహారమని చెప్పేది. కొలాజెన్ మొక్కల్లో కాయదు. పశువుల తోలు, ఎముకలు, పంది చర్మం, చేప చర్మం, పొలుసులు, వీటి నుంచి తీస్తారు. మా వీరుడు మంగళవారం, శనివారం నీచు ముట్టడు. కార్తీకమాసం అంతా ఉల్లిపాయ కూడా ముట్టడు. అదే మనిషి కార్తీక సోమవారం దీపం పెట్టి వచ్చి, చేప పొలుసుల పొడిని స్ట్రాబెర్రీ రుచితో గటగటా తాగి మూతి తుడుచుకుంటాడు. ఇల్లాలు ఆదివారం మేక కాళ్ల పులుసు పెడితే "జిగురు జిగురుగా ఉంది, కొలెస్ట్రాల్" అని పక్కకి నెట్టేది కూడా ఆయనే. ఆ జిగురే కదా నాయనా, నువ్వు నెలకి రెండు వేలు పోసి కొంటున్నది! నీచు అస్సలు కుదరదనేవాళ్ల కోసం "వెజ్ కొలాజెన్" అని ఇంకో డబ్బా ఉంది. అందులో విటమిన్ సి, ఏవో ఆకుల రసం ఉంటాయి, కొలాజెన్ తప్ప. ఆ విటమిన్ సి మాటకొస్తే, ఒక జామకాయ కొరికితే ఆ ప్రయోగంలో వాడిన 48 మిల్లీగ్రాములూ దాటిపోతాయి. క్వార్టర్ల పెరళ్లలో జామచెట్లకి కాసినవి చిలకలు తింటున్నాయి. ఆ చిలకల్లో ఒక్కటి కూడా కుంటడం నేను చూడలేదు.

ఉద్యోగరీత్యా మా వీరుడు మహా కర్కోటకుడు. భిలాయ్ యూనివర్సల్ రైల్ మిల్లు 130 మీటర్ల పట్టాని అతుకు లేకుండా ఒకే ముక్కగా తీస్తుంది. దాని కడుపులో వెంట్రుకవాసి పగులున్నా అల్ట్రాసోనిక్ పరీక్ష పట్టేస్తుంది, ఆయన పక్కన పడేస్తాడు. టెస్ట్ సర్టిఫికెట్ లేని సరుకు గేటు దాటనివ్వడు. హీట్ నంబరు కలవకపోతే లారీని వెనక్కి పంపుతాడు. ఆ మనిషే ఇంటికొచ్చి, ఏ ఊళ్లో కలిపారో, ఎవరు పరీక్షించారో తెలియని పొడిని, జిమ్ కుర్రాడు "ఒరిజినల్ హై అంకుల్" అన్న ఒక్క మాట మీద కడుపులోకి పంపిస్తాడు. భారత రైల్వేకి ఉన్నపాటి జాగ్రత్త సొంత కాలేయానికి లేదు.

ఆ జాగ్రత్త ఎందుకు కావాలో రెండు పరీక్షలు చెబుతాయి. జర్మనీలో కొలోన్ ప్రయోగశాల వాళ్లు 13 దేశాల్లో 634 సప్లిమెంట్లు కొని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. హార్మోన్లు లేవని అమ్మిన వాటిలోనే 94 డబ్బాల్లో లేబుల్ మీద లేని హార్మోను పదార్థాలు దొరికాయి. అదంతా పాత కథ, విదేశీ కథ అంటారా? 2024లో కేరళ డాక్టర్లు మన మార్కెట్లో దొరికే 36 ప్రోటీన్ ఉత్పత్తులను పరీక్ష చేయించారు. దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీనుకీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. 14 శాతంలో బూజు విషాలు, 8 శాతంలో పురుగుమందుల ఆనవాళ్లు. అమ్మేవాడు "ఇందులో అన్నీ ఉన్నాయి" అన్నప్పుడు అబద్ధం చెప్పలేదన్నమాట.

మా వీరుడికి ఇందులో పోయేదేముంది, నాలుగు వేలూ కాస్త కడుపుబ్బరమూ. ఆయన మీద జోకులు వేసుకోవచ్చు. కానీ అదే కోర్టు పక్కన ఇంకో కోర్టు ఉంది. అక్కడ పదహారేళ్ల పిల్ల రోజుకి కొన్ని వందలసార్లు బుట్ట కిందికి ఎగురుతుంది. మోకాలిచిప్ప కింద టెండాన్ మంటెత్తుతుంటే పళ్లబిగువున ఆడుతుంది. నాన్న ఖుర్సీపార్‌లో ఉండే కాంట్రాక్టు కూలీ అనుకోండి. ఆ పిల్లకి ఎవరో "అక్కలందరూ ఇదే వాడతారు" అని ఒక డబ్బా అంటగడతారు. ఇంట్లో గుడ్లకి పెట్టాల్సిన డబ్బు దానికి పెడతారు. అందులో రాయని పదార్థం ఏదైనా ఉండి డోపింగ్ పరీక్షలో పట్టుబడితే, "నాకు తెలియదు" అన్న మాటతో తప్పు మాఫీ కాదు. ఒంట్లో దొరికినదానికి ఆటగాడిదే బాధ్యత, నిబంధన అదే. మహా అయితే శిక్ష తగ్గుతుంది, ఆలోపు సీజను పోతుంది, ఆటగాళ్ల కోటాలో రావలసిన ఉద్యోగం పోతుంది. 2023లో భారతీయ క్రీడాకారుల నుంచి తీసిన 5,606 నమూనాల్లో 213 దొరికిపోయాయి. అంత పెద్ద ఎత్తున పరీక్షలు జరిపే దేశాల్లో మనదే పై వరస. వాళ్లలో తెలిసి తిన్నవాళ్లే ఎక్కువ కావచ్చు. తెలియక తాగినవాళ్లు కొందరైనా ఉంటే, వాళ్ల కాళ్లు విరగ్గొట్టింది ప్రత్యర్థి కాదు. డబ్బా అమ్మినవాడికి మాత్రం ఏ సస్పెన్షనూ ఉండదు. వాడు అదే వారం ఇంకో ఫ్లేవరు దించుతాడు.

2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక పుల్లెల గోపీచంద్ కూల్‌డ్రింకు ప్రకటన వద్దన్నాడు. నేను తాగనిదాన్ని పిల్లలకి ఎలా తాగమంటాను అన్నది ఆయన లెక్క. మోకాలికి ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేయించుకుని ఆ కప్పు దాకా నడిచిన మనిషి అలా అన్నాడు. ఇప్పుడు రీల్సులో చూడండి, మోకాలు ఒక్కసారైనా నొప్పెట్టని కుర్రాళ్లు టెండాన్ పొడికి తలో కోడ్ ఇచ్చి పది శాతం తగ్గింపు ఇప్పిస్తున్నారు.

ఆ పదహారేళ్ల పిల్లకి కావలసింది కడుపునిండా తిండి. పప్పు, గుడ్లు, పాలు, పల్లీలు, రోజంతా ఎగరడానికి సరిపడే అన్నం. తిండి చాలని ఒంట్లో ఏదీ త్వరగా మానదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024 మేలో భారతీయులకి ఆహార సూచనలు విడుదల చేస్తూ, కండల కోసం ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దన్నారు. వాటిలో చక్కెర, కృత్రిమ తీపి, ఇతర కలుపుళ్లు ఉండొచ్చని కూడా హెచ్చరించారు. తెలుగు నేల మీద కూర్చుని వందేళ్ల అనుభవంతో చెప్పిన మాట. దాన్ని మా సెక్టారు వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. కింద మూడు బొటనవేళ్లు పడ్డాయి, నాలుగోది ఒక డబ్బా ప్రకటన. తిండి మాటకొస్తే, 2022 మే డే నాడు అప్పటి ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ శ్రామికుల గౌరవార్థం అందర్నీ బోరే బాసీ తినమన్నాడు. మన చద్దన్నమే అది. ఆ రోజు పెద్ద పెద్ద ఆఫీసర్లు ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుంటూ ఫొటోలు దిగారు. మా వీరుడూ దిగాడు. ఫొటో అయ్యాక షేకర్ కలుపుకున్నాడు.

ఒక్కమాట, మధ్యలో చెప్పడం మరిచాను. పానీపూరీ తిని విరేచనాలైతే మా వీరుడు చీటీ లేకుండా సిప్రోఫ్లాక్సాసిన్ కొని మింగుతాడు. ఆ కుటుంబం మందులు టెండాన్‌ని దెబ్బతీసే, ఒక్కోసారి తెంపే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ సంస్థ 2008లోనే నల్లగీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది. అరవై దాటినవాళ్లకి, స్టెరాయిడ్లు వాడేవాళ్లకి ఇంకా ఎక్కువ. అలాగని డాక్టరు రాసిన మందు మానెయ్యమని కాదు. రెండు వేల పొడితో టెండాన్‌ని కాపాడుకుంటూ, పది రూపాయల బిళ్లతో దాని మీదే పందెం కాసే తెలివి గురించి చెబుతున్నాను. షుగరు ఉన్నవాళ్లకి టెండాన్లు త్వరగా చెడతాయన్నదీ డబ్బా మీద ఉండదు. మా వీరుడి షుగరు ఎంతో ఆయనకే తెలియదు. పోయిన దీపావళి నుంచి చూపించుకోవడం లేదు, మడమ హడావిడిలో తీరిక దొరకలేదు.

కాబట్టి మా వీరుడికి ఆయన భాషలోనే ఒక మనవి చేశాం. డబ్బా కొనేముందు టెండరు పిలవండి. ఏ జంతువు, ఏ భాగం, ఏ ఊరు అన్నది సరఫరాదారు రాసివ్వాలి. ప్రతి బ్యాచికీ బయటి ప్రయోగశాల సర్టిఫికెట్ జతపరచాలి, అందులో నిషిద్ధ పదార్థాల పరీక్ష కూడా ఉండాలి. ఎనిమిది మంది ఆరోగ్యవంతుల కథ చెల్లదు, మడమ నొప్పి ఉన్న మనుషుల మీద, ఉత్తుత్తి పొడితో పోల్చి చూపించాలి. "అడ్వాన్స్‌డ్" అంటే దేనికన్నా అడ్వాన్స్‌డో అఫిడవిట్ ఇవ్వాలి. కొనుగోలుదారు పన్నెండు వారాలు మెట్టెక్కి దిగినట్టు ఫిజియో సంతకం లేనిదే రెండో డబ్బాకి ఆర్డరు పడదు. ప్రతి డబ్బాతో పాటు, అసలు ప్రయోగంలో ఉన్నట్టుగా, గెంతడానికి ఒక తాడు ఉచితంగా ఇవ్వాలి.

మా వీరుడు ఇదంతా ఫైలు కట్టి జిమ్ కుర్రాడికిచ్చాడు. కుర్రాడు ఒక్కొక్క నిబంధనా బుద్ధిగా చదివాడు. చివరి దగ్గర ఆగి, పెన్ను తీసి అడిగాడు.

"తాడు ఏ ఫ్లేవర్లో కావాలి అంకుల్?"